చేతులకు ముందే తెలిసిన పాట

అమ్మకు,

మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు. పాప గుండెకు ఏ లోటూ లేదన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఒళ్లు వదులుగా ఉంటుందట, అందుకే నెలల వయసులోనే ఆటలాడిస్తూ కదలికలు నేర్పాలట. నిన్న థెరపిస్టు ఇంటికొచ్చి, పాపను ఒళ్లో వేసుకుని పెదవుల చుట్టూ వేలితో మెల్లగా తట్టడం నాకు నేర్పింది. ఆవిడ చెప్పడం పూర్తి కాకముందే నా వేళ్లు వాటంతటవే గడ్డం కిందికి జరిగి, అక్కణ్ణుంచి అరికాళ్లకు దిగాయి. నోట్లోంచి ఒక పాట కూడా వచ్చింది: "చిన్ని పిట్ట ఎటు పోయె, కిటికి దాటి ఎటు పోయె." పాప మొట్టమొదటిసారి నా వైపు తల తిప్పింది.

"నేను తర్వాత చెప్పబోయేది అదే. ఇదివరకు ఎవరికి చేశారండీ?" అంది ఆవిడ.

కళ్లు మూసుకుంటే నావి పసిచేతులు, వాటిని పట్టుకుని నీ చేతులు, కింద నాలుక కాస్త బయటపెట్టిన ఇంకో బుజ్జి మొహం, మా పాపది కాదు. నేను నీకు ఒక్కగానొక్క కూతుర్ని కదా. "మన వైపు ఎవరూ ఇలా పుట్టలేదు" అని మా అత్తగారి ముందే అన్నావు కదా. మరి అదెవరమ్మా?

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? పాప అరచేతులకు రుద్దడానికి పాతచీర ముక్కలు పంపు, మెత్తటిదొకటి, గరుకుదొకటి. పోస్టుకార్డయితే దారిపొడుగునా అందరూ చదువుతారు, నువ్వు కవర్లోనే రాయి. నాన్నకు నమస్కారాలు.

పాట నాకు అంతవరకే వచ్చు. మిగతాదాని కోసం పాప నా నోటివంకే చూస్తోంది. పిట్ట తిరిగొచ్చిందా అమ్మా, లేక నువ్వే అక్కడితో పాడటం ఆపేశావా?

నీ కూతురు