బతుకమ్మ గద్దె కింద ఉన్న మూత

గంగారంపేట పురపాలక సంఘం కమిషనర్ గారి సముఖమునకు,

మార్కండేయ వీధి నివాసి కొక్కుల అంబదాస్ కుమార్తె హర్షిణి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి మురుగు లైన్ మొత్తం తీసి, మా ఖర్చుతో కొత్తది వేసుకోవాలన్న తమ కార్యాలయ ఆదేశం గురించి, లోపం మా లైన్‌లో లేదని, తమ గద్దె కింద ఉన్నదని తెలుపుకొనుట గురించి.

సూచిక: తమ ఏఈ గారి తనిఖీ నివేదిక. దానికి సంఖ్య లేదు. అడిగితే తర్వాత వేస్తామన్నారు.

ఈ సంగతి నోటితో చెప్పడానికి తమ కార్యాలయానికి పలుమార్లు వచ్చాను. కౌంటర్ ముందు నిలబడితే నాకు మాట రాదు. నా వెనుక వచ్చినవారు నా ముందుకు వెళ్లిపోతారు. కాగితం మీద నన్ను ఎవరూ తోసుకుని పోలేరు కనుక వ్రాస్తున్నాను.

1. మాది మరమగ్గాల ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనుక వంటగది, దాని వెనుక మరుగుదొడ్డి. అక్కడి నుంచి బయలుదేరిన పైపు మగ్గాల కింది నేలలో సాగి, వీధిలో మా గడప ఎదురుగా ఉన్న మ్యాన్‌హోల్‌లో కలుస్తుంది. ఆ మ్యాన్‌హోల్‌ను కట్టినది పురపాలక సంఘమే. మిగతా ఇళ్లవారు వీధి చివరి మ్యాన్‌హోల్‌లో కలుపుకున్నారు కనుక వారికి ఈ బాధ లేదు. తమ కార్యాలయం దృష్టిలో అది కూడా మా తప్పే.

2. సీసీ రోడ్డు రాకముందు మా వీధి మొత్తంలో ఎగుడుదిగుడు లేని చోటు ఆ మ్యాన్‌హోల్ ఇనుప మూత ఒక్కటే. అందుకని మా వీధి ఆడవాళ్లు ఏటా దాని మీద పీట వేసి, పీట మీద బతుకమ్మలు పెట్టి, చుట్టూ తిరిగి ఆడేవారు. మురుగు మూత మీద పూల దేవతను పెట్టడమేమిటని ఎవరూ అనలేదు. బతుకమ్మ కూడా ఏమీ అనలేదు.

మొన్న ఎండాకాలం రోడ్డు మంజూరైనప్పుడు ఆడవాళ్లు కాంట్రాక్టర్ ఓంప్రకాశ్ గారిని కోరింది ఒక్కటే, బతుకమ్మలు పెట్టుకోవడానికి ఒక సిమెంటు గద్దె. ఎక్కడ అని ఆయన అడిగారు. మా నాయనమ్మ దేవవ్వ మూతను చూపించింది.

“గీడనే పొయ్యి బిడ్డా. ఎప్పటిసంది గీడనే ఆడుతున్నం.”

ఆయన అక్కడనే పోశారు. మూతను గద్దె ఎత్తుకు లేపి కట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. కొలతలు చూసి బిల్లు మంజూరు చేసినవారికీ రాలేదు. మా నాయనమ్మకు రాకపోవడం తప్పే. అయితే ఆమె అందుకు జీతం తీసుకోవడం లేదు.

గద్దెకు శిలాఫలకం ఉన్నది. దాని మీద పెద్దల పేర్లు పైనుంచి కిందిదాకా ఉన్నవి. కింద మ్యాన్‌హోల్ ఉన్నదని చెక్కించడానికి చోటు మిగలలేదు.

3. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి మా మరుగుదొడ్డిలో పోసిన నీరు పోవడం మానేసింది. కొన్నాళ్లకు తిరిగి రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు వంటగది గడపదాకా వస్తున్నది. మగ్గాల గదిలో అమ్మ గోనెసంచులు అడ్డం పెట్టింది. బట్టకు వాసన పడితే నూలిచ్చి నేయించుకునే సేటు వాపసు పంపుతాడు.

4. ఫిర్యాదు మీద తమ ఏఈ భానుప్రసాద్ గారు తనిఖీకి వచ్చారు. ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చారు కనుక ఫిర్యాదు నిజమేనని వీధి చివరనే ఒప్పుకున్నట్లు మేము భావించాము. ఇంట్లోకి రాలేదు. గద్దె ఎక్కి నిలబడి లోపలికి చూశారు. జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్లుగా వ్రాస్తున్నాను.

“మీ లైన్ పాతదైందమ్మా. లోపల ఏడనో కూలింది. మొత్తం తీసి కొత్తది ఏసుకోవాలె.”

“లైన్ మంచిగనే ఉన్నది సారూ. మ్యాన్‌హోల్ మూసుకపోయింది” అని మా నాయనమ్మ చెప్పింది.

“మ్యాన్‌హోలా? ఏడున్నది? నాకైతే కనవడ్తలేదు.”

“నువ్వు నిలవడ్డ కాడనే ఉన్నది. జర జరుగు.”

ఆయన జరగలేదు. తన బూట్లను చూసుకున్నారు. తర్వాత ఫైలు తెరిచి, “స్థలంలో మ్యాన్‌హోల్ ఏదియు లేదు” అని వ్రాశారు. లేదని వ్రాస్తున్నంతసేపూ దాని మీదనే నిలబడి ఉన్నారు.

గద్దె పగలగొట్టి చూడమని మా నాయనమ్మ కోరింది.

“బతుకమ్మ గద్దె అవ్వా అది. ముట్టుకుంటే సెంటిమెంటు. ఊరంత లొల్లి అయితది.”

“ఆడేటోళ్లం మేము. సెంటిమెంటు నీకెందుకు సారూ?”

ఈ ప్రశ్న నివేదికలో లేదు. ఆయన ఫైలు మూసి గద్దె దిగారు.

5. వీధి ఆడవాళ్లందరూ గద్దె తొలగించడానికి అభ్యంతరం లేదని సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఇచ్చారు. తమ కార్యాలయం అది చాలదన్నది. దేవాదాయ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నది. అక్కడికి వెళ్లాను. అక్కడి గుమాస్తా గారు నా కాగితం చదివి చాలాసేపు నవ్వారు. “బతుకమ్మకు గుడి లేదు, హుండీ లేదు, ఆఖరి రోజు నీళ్లల్ల పోతది. మా లెక్కల ఎట్ల ఉంటది చెల్లె?” అన్నారు. ఈ వ్యవహారంలో నేను కలిసిన ప్రభుత్వ ఉద్యోగులలో సరైన మాట చెప్పినది ఆయన ఒక్కరే. ఆ మాటను వ్రాసి ఇవ్వడానికి మాత్రం తనకు అధికారం లేదన్నారు.

6. ఇక కొత్త లైన్. మరుగుదొడ్డి నేల, వంటగది నేల, మగ్గాల గది నేల తవ్వాలి. తర్వాత సీసీ రోడ్డును వీధి చివరిదాకా కోసి, అక్కడి మ్యాన్‌హోల్‌లో కలపాలి. మేస్త్రీ చెప్పిన లెక్క లక్షా ఎనభై వేలు. ఇందులో పైపుల ధర తక్కువ. ఎక్కువ భాగం రోడ్డు కోసినందుకు తమకు కట్టవలసిన రుసుము. అనగా తమవారు మా మ్యాన్‌హోల్ మీద సిమెంటు పోసినందుకు, ఆ సిమెంటును తప్పించుకొని పోవడానికి మేము తమకు డబ్బు కట్టాలి. నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని చిన్న తప్పుకు కూడా శిక్షించేవారు. కాని ఒకరి తప్పుకు మరొకరిని శిక్షించి, రసీదు ఇచ్చేవారు కాదు.

7. మా తండ్రి ఒక మగ్గం అమ్ముతున్నారు. మరమగ్గాన్ని ఇప్పుడు మగ్గంగా కొనేవారు లేరు, ఇనుముగా కొంటారు. హుజూరాబాద్ నుంచి పాత ఇనుము వ్యాపారి వచ్చి చూసి పోయారు. గురువారం బండి తెస్తామన్నారు. ఒక మగ్గం అమ్మిన డబ్బుతో రెండో మగ్గం కింద తవ్విస్తామన్నమాట. మిగతాది అప్పు. వద్దని చెప్పాను. “కాయిదాలు పట్టుకొని తిరుగుడు నాతోని కాదు బిడ్డా. ఒకటి పోతే ఇంకోటున్నది” అన్నాడు మా బాపు. ఒకటి ఆగితే ఇంకోటి నడుస్తుందనే మాకు రెండు ఉన్నవి. ఆ రెండూ నడిస్తేనే ఇల్లు నడుస్తుంది.

8. ఈ అంశం వ్రాయాలా వద్దా అని ఆలోచించాను. మేము ఇప్పుడు ఇరుగుపొరుగు ఇళ్ల మరుగుదొడ్లకు వెళ్తున్నాము. ఒకరికే భారం కాకూడదని ఇళ్లు పంచుకున్నాము. నాయనమ్మకు పక్కిల్లు, అమ్మకు ఆ పక్కది, నాకు ఎదురిల్లు. బాపు ఎక్కడికి వెళ్తాడో మేము అడగలేదు. అమ్మ మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేసింది. తలుపు తట్టడం నాకు చేతకాదు. ఎదురింటి వాకిట్లో నిలబడి, ఎవరైనా నన్ను చూసేదాకా ఆగుతాను. కొన్నిసార్లు ఎవరూ చూడరు. తిరిగి వచ్చేస్తాను.

తమ కార్యాలయంలో ‘ఆఫీసర్లకు మాత్రమే’ అని వ్రాసిన మరుగుదొడ్డి తలుపును నేను చూశాను. తాళం వేసి ఉన్నది. అంతటి జాగ్రత్త మా వీధిలో అవసరం రాలేదు.

కావున తమను కోరునది:

(అ) మ్యాన్‌హోల్ ఉన్నదని తనిఖీ నివేదికను సవరించవలెను.

(ఆ) గద్దె తొలగించి, అడ్డు తీయించి, మూతను అందరికీ కనబడునట్లు అమర్చవలెను.

(ఇ) ఈ పని గురువారంలోగా జరగవలెను. శుక్రవారం జరిగినచో మా మగ్గానికి ఉపయోగం ఉండదు.

(ఈ) పై మూడింటిలో ఏదియు వీలుకానిచో, వచ్చే వారం బతుకమ్మకు ఇదే గద్దె మీద ముఖ్య అతిథిగా కూర్చొనుటకు తాము అంగీకరించినట్లు కరపత్రంలో చూశాము కనుక, ఆ రోజు తమకు వేయు కుర్చీని మూతకు సరిగ్గా నడిమధ్యన వేయించుటకు అనుమతి ఇవ్వవలెను.

చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనిచో, రుమాలు లేకుండా మా వీధిలో ఒకసారి నడువవలెను.

మూత తెరుచుకొనునంతవరకు
తమ విధేయురాలు,
కొక్కుల హర్షిణి

జతపరచినవి: 1. ఏఈ గారి తనిఖీ నివేదిక నకలు.

తాజా కలం: పై అర్జీని బుధవారం తెచ్చాను. కమిషనర్ గారు క్యాంపులో ఉన్నారని, టపా తీసుకొను గుమాస్తా భోజనానికి వెళ్లారని చెప్పారు. తిరిగి తీసుకుపోయాను. ఇంతలో గురువారం వచ్చింది.

ఇనుము వ్యాపారి, ఆయన మనుషులు సమ్మెటలతో, గడ్డపారలతో వచ్చారు. బాపు అప్పటికే మగ్గం బోల్టులు విప్పి వరుసగా పెట్టాడు. నాయనమ్మ వీధిలోకి వెళ్లి గద్దె మీద కూర్చొని వారిని పిలిచింది.

“బిడ్డా, ఆ మగ్గం యాడికి పోదు. ముందుగాల జర దీన్ని పలగ్గొట్టుండ్రి.”

“గవర్నమెంటుదేమో అవ్వా. కేసయితది.”

“కనవడ్తే గదా కేసు.”

ఆమె చప్పట్లు కొట్టి పిలిచింది. ఆడవాళ్లు పనులు విడిచి వచ్చి గద్దె చుట్టూ వలయంగా నిలబడ్డారు. పూలు లేవు, పండుగ రాలేదు, అయినా పాట అందుకుని తిరిగారు. వలయం లోపల సమ్మెటలు పడ్డవి. వీధిలో పోయేవారు బతుకమ్మ ముందే వచ్చిందా అని అడిగి పోయారు. నేను కూడా వలయంలో తిరిగాను. దీనికి నోరు తెరిచి మాట్లాడవలసిన పని లేదు.

మూత ఉన్నది. ఎవరూ లోపలికి దిగలేదు. పైనుంచే కొక్కెంతో లాగితే గడ్డకట్టిన సిమెంటు సంచులు, సెంట్రింగ్ చెక్క ముక్క వచ్చాయి. వెనువెంటనే మా ఇంట్లో నిలిచిన నీరంతా శబ్దం చేస్తూ పోయింది. పాత లైన్‌కు ఏమీ కాలేదు. బాపు లోపలికి పోయి బోల్టులు బిగించుకున్నాడు. సాయంత్రం రెండు మగ్గాలు నడిచాయి.

ప్రజా ఆస్తిని ధ్వంసం చేసినందుకు తాము కేసు పెట్టవచ్చును. గద్దెను ఎందుకు పగలగొట్టారో అందులో వ్రాయాలి. అప్పుడు మ్యాన్‌హోల్ ఉన్నదని వ్రాయక తప్పదు. సవరణ ఆ విధంగానైనా సమ్మతమే.

మగ్గం దొరకలేదు కనుక మూతనైనా ఇమ్మని వ్యాపారి అడిగాడు. నాయనమ్మ ఇవ్వలేదు. “లేదని సారు రాసిండు. లేనిదాన్ని ఎట్ల తూకం ఏస్తవ్?” అన్నది. సమ్మెట దెబ్బలకు అది వంగింది. మ్యాన్‌హోల్‌ను ప్రస్తుతం మా గడప బండతో మూసి, చుట్టూ ముగ్గు వేశాము.

అందువలన జతపరచినవి: 2. ఇనుప మూత ఒకటి. గుమాస్తా గారి బల్ల మీద పట్టదు కనుక ఆటోలో తెచ్చి గేటు వద్ద దించాము. ముట్టినట్లు రసీదు ఇవ్వవలెను. రసీదు ఇచ్చేదాకా కదలనని మా నాయనమ్మ దాని మీద కూర్చొని ఉన్నది.

ముఖ్య అతిథి సంగతి ఏమని ఆమెను అడిగాను.

“రమ్మను బిడ్డా. గద్దె లేదు, కుర్చీ లేదు. జర కాళ్ల కింద చూసుకొని నిలవడుమను.”