తిప్పతీగ లోపలి బూజు

మెదక్,
14 ఆగస్టు 2024.

నవోమి అక్కకు చెల్లి పెర్సిస్ వందనాలు. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంటాను. నాయిన దవాఖానలో ఉన్నాడు. ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

కుల్చారం చేల కంచెల మీది తిప్పతీగ మీద నేను పరిశోధన చేస్తున్న సంగతి నీకు తెలుసు. ఆ తీగ లోపల, దానికి ఏ హానీ చేయకుండా, కంటికి కనబడని ఒక బూజు బతుకుతుంది. దాన్ని విడదీసి కాలేజీ ల్యాబులో పెంచాను. అది వదిలిన పసుపు రసం ఒక్క చుక్క వేస్తే, మందులకు లొంగని పుండు క్రిములు గాజు పళ్లెంలో చచ్చిపోయాయి. ఆ సంతోషంలో నాయినకు చెప్పాను.

నాయిన కాలి షుగర్ పుండు మానలేదు. బొటనవేలు తీసేయాలని డాక్టరు అన్నాడు. వేలు పోతే నిలబడి వడ్రంగం ఎట్ల చేస్తనని నాయిన దిగులు పడ్డాడు.

శనివారం నాయిన కళ్లు పచ్చబడ్డాయి. నీళ్లు కూడా కడుపులో ఆగలేదు. ఏం తాగిండో చెప్పుండ్రి అని డాక్టరు గట్టిగా అడిగితే, "బిడ్డ సంచిల సీస కనబడ్డది, ఒక్కపారి తాగిన, ఆమెకు తెల్వదు" అన్నాడు నాయిన. డాక్టరు అదే కాగితం మీద రాసుకున్నాడు.

అక్కా, ఆ రసాన్ని మేమింకా ఎలుక మీద కూడా పరీక్షించలేదు. అందులో పది రకాల పదార్థాలున్నాయి. క్రిములను చంపేది ఏదో, కాలేయాన్ని తినేది ఏదో నాకే తెలియదు. రోజూ రక్తం తీస్తున్నారు, కాలేయం చెడిందని చూపే అంకెలు పెరుగుతున్నాయి. కాగితం పట్టుకొచ్చే నర్సు చెప్పుల చప్పుడు వింటే లేచి బయటికి పోతున్నాను. మా కోసం ప్రార్థన చెయ్యి.

నీ చెల్లి,
పెర్సిస్.

తా.క.: పైన రాసింది అంతా నిజం కాదు. నాయిన సీసా తీయలేదు. ఐదు రోజులు, రోజూ రెండు చెంచాలు, నేనే నీళ్లలో కలిపి తాగించాను. నమ్మకమున్నదా బిడ్డా అని అడిగాడు. ఉందన్నాను. ఒక్కసారే తాగాడనుకుని డాక్టరు వైద్యం చేస్తున్నాడు. ఇందాకే వెళ్లి ఆయనకు అంతా చెప్పి, మిగిలిన సీసా చేతిలో పెట్టాను. వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సు వచ్చింది, ఈ ఉత్తరం పోస్టులో వేయమని పక్క మంచం వాళ్లకు ఇచ్చి పోతున్నాను. నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు చెప్పినవ్ బిడ్డా, నీ సదువు పోతది గద" అంటున్నాడు.