ఒరిజినల్స్ ఆఫీసులోనే ఉంటాయి

ఫిబ్రవరి 2, సోమవారం

ఈరోజు స్కూల్లో "గ్రాడ్యుయేట్" అనే మాట పదకొండుసార్లు విన్నాను. నా యూకేజీ పిల్లలు ముప్పై ఆరు మందీ మార్చి పద్నాలుగున గ్రాడ్యుయేట్ అవుతున్నారట. నల్ల గౌను, కుచ్చు వేలాడే టోపీ, చేతికో సర్టిఫికెట్. వీళ్లలో సగం మందికి షూ లేసులు ఇప్పటికీ నేనే కట్టాలి.

ఒక తల్లి వచ్చి, వాళ్లబ్బాయి బేబీ పూల్ నుంచి పెద్ద పూల్‌కి గ్రాడ్యుయేట్ అయ్యాడని చెప్పింది. ఇంకో తండ్రి మెడలో ఐడీ కార్డుతోనే వచ్చి, పాప సిప్పర్ నుంచి గ్లాసుకి గ్రాడ్యుయేట్ అయిందన్నాడు. నవ్వాను. నవ్వడం కూడా జీతంలో భాగమే.

పుప్పాలగూడ మొత్తంలో గ్రాడ్యుయేట్ కానిదాన్ని నేనొక్కదాన్నేనేమో అనిపించింది. నిజానికి నాకు బీకామ్ ఉంది, ఫస్ట్ క్లాస్. కాకపోతే అది పుణ్యవతి మేడమ్ బీరువాలో ఉంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

రాసిపెట్టుకోవాలి. లేకపోతే కోపం చల్లారిపోతుంది. అది చల్లారడం నాకిష్టం లేదు.

అటుపోయిన ఏడాది జూన్‌లో ఈ ప్లేస్కూల్లో చేరాను. మొదటిరోజే మేడమ్ నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ అన్నీ తీసుకుంది. (ఎదురుగా "తీసుకున్నారు" అంటాను. ఇక్కడ మాత్రం "తీసుకుంది" అనే రాస్తాను. నా డైరీ నా ఇష్టం.) టీచర్లందరి ఒరిజినల్స్ ఆఫీసులోనే ఉంటాయండీ, సేఫ్టీ కోసం, అంది. జిరాక్స్‌లు నా చేతిలో పెట్టింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. "అండీ" లేకుండా వాక్యం ముగించదు.

పోయిన నెల రాయదుర్గంలో ఒక కంపెనీ నన్ను గ్రాడ్యుయేట్ ట్రైనీగా సెలెక్ట్ చేసింది. ఒరిజినల్స్ ఒక్కసారి చూపిస్తే చాలన్నారు. ఒక్కరోజు ఇవ్వమని మేడమ్‌ని అడిగాను. టీ పోయించి, బిస్కెట్లు పెట్టించి, అకడమిక్ ఇయర్ మధ్యలో కుదరదండీ అంది. హెచ్ఆర్ వాళ్లు మూడు రోజులు ఆగారు. నాలుగో రోజు, నేనొక పిల్లాడి ముక్కు తుడుస్తుండగా మెయిల్ వచ్చింది. వేరేవాళ్లని తీసుకున్నారట.

ఇంట్లో సెలెక్ట్ కాలేదని అబద్ధం చెప్పాను. నాన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. పేరు పోచయ్య. చదువుకోలేదు. కానీ గేటు దగ్గర కారు ఆగితే చాలు, "సార్, మా బిడ్డ గ్రాడ్యుయేట్, ఏమన్న ఉంటె జర చూడుండ్రి" అంటాడట. అలా అడగ్గా అడగ్గా ఒక సారు నా రెజ్యూమె తీసుకున్నారు. ఆ ఉద్యోగమే అది.

నాన్న ఆ సారుకి సారీ చెప్పాడట. నా బదులు.

ఫిబ్రవరి 7, శనివారం

చల్లారలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం

అదే కంపెనీ, రెండో బ్యాచ్. ఆ సారే నా రెజ్యూమె మళ్లీ పంపించారు. సెలెక్ట్ అయ్యాను! మార్చి 16, సోమవారం, పొద్దున పదింటికి వెరిఫికేషన్. ఒరిజినల్స్ తప్పనిసరి. ఈ ఏడాదికి ఇదే ఆఖరి బ్యాచ్ అని కూడా రాశారు. నాన్న గేటు దగ్గర అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. ఇంకా రాని ఉద్యోగానికి.

ఫిబ్రవరి 19, గురువారం

అడిగాను. ఈసారి టీ లేదు.

ఏప్రిల్ ముప్పై దాకా ఇవ్వలేనండీ, అంది. మధ్యలో మానేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఏం రాయాలో తనకి తెలుసంది. ఆ వెంటనే, అదే గొంతుతో, గ్రాడ్యుయేషన్ డేకి యాంకరింగ్ మీరే చేయాలండీ, మీ ఇంగ్లిష్ బాగుంటుంది కదా అంది. నర్సరీ టీచర్ సరిత పక్కనే ఉంది. బయటికొచ్చాక, తనవి మూడేళ్లుగా ఆ బీరువాలోనే ఉన్నాయని, ఇక అడగడం మానేశానని చెప్పింది.

ఈసారి నాన్నకి నిజం చెప్పేశాను. "గదేంది బిడ్డా, నీ కాయిదం నీకియ్యనీకి ఆమెకేం బాధ? నేనొచ్చి అడుగుత" అన్నాడు.

వద్దన్నాను. యూనిఫామ్‌లో వచ్చి, ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆవిడ కూర్చోమనదు. అది నేను చూడలేను. ఆవిడ సంగతి నేనే చూసుకుంటాను.

మార్చి 2, సోమవారం

స్కూల్ సర్క్యులర్లన్నీ టైప్ చేసేది నేనే. హోళీ సెలవు సర్క్యులర్‌లో పోయినేడాది తేదీ అలాగే ఉండిపోయింది. మేడమ్ ఫోన్లో మాట్లాడుతూనే సంతకం పెట్టేసింది. చదవలేదు.

చదవదు! ఇన్నాళ్లూ ఇది నాకెందుకు తట్టలేదో.

మార్చి 7, శనివారం

నా అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీశాను. తొమ్మిదో పాయింట్. ఒరిజినల్ సర్టిఫికెట్లు భద్రత కోసం ఆఫీసు ఆధీనంలో ఉంటాయి, టీచర్‌కి జిరాక్స్ ఇవ్వబడుతుంది, తిరిగి ఎప్పుడివ్వాలన్నది మేనేజ్‌మెంట్ నిర్ణయం. దాన్ని అలాగే కొత్త సర్క్యులర్‌లోకి దించాను. "టీచర్" అన్న చోట "చైల్డ్" అని మార్చాను. ఇంకో అక్షరం ముట్టుకోలేదు.

మార్చి 11, బుధవారం

కేకు సైజు గురించి కేటరింగ్ వాడితో ఫోన్లో వాదిస్తోంది. ఇదేంటండీ అని కళ్లతోనే అడిగింది. గ్రాడ్యుయేషన్ డే సర్క్యులర్ మేడమ్ అన్నాను. సంతకం. కింద స్టాంపు కూడా తనే వేసింది.



మార్చి 13, శుక్రవారం

రేపు అమ్మ ఎర్రచీర కట్టుకుంటాను.

మార్చి 14, శనివారం, సాయంత్రం 5

వరసగా రాస్తాను.

పక్క అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ హాల్లో ప్రోగ్రామ్. తల్లిదండ్రులు, తాతలు, నానమ్మలు, ఎత్తిపట్టుకున్న ఫోన్లు. సర్క్యులర్‌ని మడతపెట్టి ముందే ప్రతి కుర్చీలో ఉంచాను. ఎవరూ విప్పలేదు. ఒక్కరు తప్ప. మా క్లాసు రోహిత్ వాళ్ల తాతయ్య సీతారామాంజనేయులు గారు. కాకినాడలో కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కళ్లజోడు మార్చుకుని మరీ చదువుతున్నారు.

నేను పేరు పిలుస్తాను. పిల్లాడు స్టేజి ఎక్కుతాడు. మేడమ్ సర్టిఫికెట్ ఇచ్చి ఫొటోకి నవ్వుతుంది. పిల్లాడు అటువైపు మెట్లు దిగుతాడు. ఆ మెట్ల దగ్గర నేను ట్రేని పక్క కుర్చీలో పెట్టి, మైకు ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. దిగినవాళ్ల దగ్గర సర్టిఫికెట్ తీసుకుని ట్రేలో వేశాను. మొదటి పదిమంది మారుమాట్లాడకుండా ఇచ్చేశారు. మిస్ అడిగితే ఏదైనా ఇచ్చేస్తారు వాళ్లు. తర్వాత ఒకరు ఏడ్చారు, చూసి ఇంకొకరు. ఫొటోల కోసం సర్టిఫికెట్ కావాలని ఒక తల్లి అడిగింది. ఒరిజినల్స్ ఆఫీసులోనే ఉంటాయండీ, సేఫ్టీ కోసం, జిరాక్స్ ఇస్తాం అని చెప్పాను. అదే గొంతుతో. ఎంత బాగా వచ్చిందో.

రోహిత్ పందొమ్మిదోవాడు. ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. ఇక్కడ ఆగిపోతే అంతా ఆగిపోతుందని లాగాను. చిరిగింది. వాడు ఏడవలేదు. నా మొహంలోకి చూశాడు.

అప్పుడు తాతయ్య గారు లేచారు. సర్క్యులర్ పట్టుకుని స్టేజి దాకా వచ్చారు. "మా మనవడి సర్టిఫికెట్ మీ బీరువాలో ఎందుకుండాలమ్మా?"

ప్రింటింగ్ మిస్టేక్ అండీ అంది మేడమ్. సంతకం ఎవరిదమ్మా అన్నారాయన. నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"మిస్టేక్ కాదు సార్. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న రూలే ఇది. టీచర్ అన్న చోట చైల్డ్ అని మార్చింది నేను. నా డిగ్రీ ఇరవై ఒక్క నెలలుగా మేడమ్ బీరువాలో ఉంది. సోమవారం అది చూపించకపోతే నా ఉద్యోగం పోతుంది."

వెనక వరసలో సరిత లేచి నిలబడింది. తనది మూడేళ్లు అని చెప్పింది. ఫోన్లు ఎలాగూ రికార్డ్ చేస్తూనే ఉన్నాయి. బేబీ పూల్ అబ్బాయి వాళ్లమ్మ, వచ్చే ఏడాది వాడి చెల్లాయి అడ్మిషన్ క్యాన్సిల్ అని గట్టిగా చెప్పేసింది. ఇంకో ఇద్దరు వంతపాడారు. మేడమ్ నా వైపు తిరిగింది.

"అఖిలా, మైకు కింద పెట్టు."

"అండీ" లేదు. ఇరవై ఒక్క నెలల్లో మొదటిసారి. ఆ మాట కోసమే ఇదంతా చేశానా అన్నంత తృప్తి కలిగింది.

తాతయ్య గారు, మరో నలుగురు తల్లిదండ్రులు మేడమ్‌తో స్కూలు దాకా నడిచారు. తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆరుగురు టీచర్లవి, ఆరు కవర్లు. నా డిగ్రీ అంచు కొంచెం చెమ్మ పట్టింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆవిడ నా కళ్లలోకి చూడలేదు. నేను మాత్రం కావాలనే చూశాను.

హాయిగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గుపడాలేమో. పడను. ఇంటికొచ్చాక నాన్న ఆ కవరు తీసి, తనకి రాని అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు.

ట్రేలోవి పిల్లలకి అక్కడే పంచేశారు. రోహిత్ సర్టిఫికెట్ ముక్క ఒకటి నా బ్యాగులో ఉండిపోయింది. నా ప్లాన్‌లో మేడమ్ ఉంది, సంతకం ఉంది, ఫోన్లున్నాయి. వాడు లేడు.

మార్చి 15, ఆదివారం

పేరెంట్స్ గ్రూపులో మేడమ్ పెద్ద మెసేజ్ పెట్టిందట. నన్ను నమ్మకద్రోహి అందట. సరిత ఫోన్ చేసి చదివి వినిపించింది. చివరిదాకా విన్నాను. మళ్లీ చదవమన్నాను.

ఇంటర్నెట్ షాపులో రోహిత్ పేరుతో కొత్త సర్టిఫికెట్ ప్రింట్ తీయించాను. కింద "క్లాస్ టీచర్" అన్న చోట నా సంతకం పెట్టాను.

మార్చి 16, సోమవారం, మధ్యాహ్నం 12

అయిపోయింది. చూసి తిరిగి ఇచ్చేశారు. ఏప్రిల్ ఒకటిన జాయినింగ్. నాన్న ఫోన్ ఎత్తలేదు. గేటు దగ్గర బిజీగా ఉన్నాడేమో, అందరికీ చెప్పుకుంటూ.

మార్చి 17, మంగళవారం

సాయంత్రం రోహిత్ వాళ్లింటికి వెళ్లాను. కొత్త సర్టిఫికెట్ చూపించాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తీసుకో నాన్నా, ఇది నీదే అన్నారు తాతయ్య గారు. మోకాళ్ల మీద కూర్చుని నేనూ అదే చెప్పాను.

చాలాసేపటికి ఒక చెయ్యి చాపాడు.

"మళ్లీ ఎప్పుడు తీసుకుంటారు మిస్?"