ఎల్లో తొట్టి

14 జులై 2002, ఆదివారం

నాయనకు వాసన తెలియడం లేదు. ఈరోజే కనిపెట్టాను.

టమాటా ధర పడిపోయింది. మార్కెట్ యార్డ్ బయట రోడ్డు పొడుగునా పారబోసినారు. ఎండకు ఉడికి, కుళ్లి, ఒకటే ఈగలు. మదనపల్లె మొత్తం ముక్కు మూసుకుని నడుస్తాంది. నాయన మాత్రం ఆ కుప్ప పక్కనే బండి దగ్గర నిలబడి జామకాయ తింటున్నాడు. తీరిగ్గా, ఉప్పూ కారమూ అద్దుకుని. కంపు కొట్టట్లేదా నాయనా అంటే, యాడ కంపు అన్నాడు. తమాషాకు అనలేదు.

ఇంటికొచ్చి కర్పూరం బిళ్ల నలిపి ఆయన ముక్కు కింద పెట్టాను. దేవుడికి పెట్టాల్సింది నాకు యాల పెడతాండావు, నేనింకా పోలేదు కదా అన్నాడు.

18 జులై

విక్టోరియాను పిలిపించాను. ఇంటర్‌లో నా పక్క బెంచీ. ఇప్పుడు మిషన్ ఆస్పత్రిలో నర్సు. చిన్న టార్చి నాయన కుడి ముక్కులో పెట్టింది. ఎడమ ముక్కులో వెలుతురు కనబడింది.

మధ్యలో ఉండాల్సిన గోడకు రంధ్రం.

అమ్మ కూడా చూసింది. చూసి వంటింట్లోకి పోయింది. నాయన నవ్వినాడు. రెండు ఇండ్లూ ఒకటి చేసుకున్నట్టే గదమ్మా, గాలి బాగా ఆడతాది అన్నాడు. విక్టోరియా నవ్వలేదు. ఆ తొట్టి దగ్గర ఇంకా నిలబడితే ముక్కుతో ఆగదు, ఊపిరితిత్తుల దాకా పోతాది అంది.

ఆ తొట్టి అంటే మా షెడ్డులోని ఎల్లో తొట్టి. పుంగనూరు రోడ్డులో రేకుల షెడ్డు మాది. బోరులోకి మోటారు దించేటప్పుడు పైపులను పట్టుకునే ఇనుప క్లాంపులు ఉంటాయి కదా, వాటికి జింక్ పూత వేస్తాం. జింక్ ఒక్కటే అయితే తేమకు తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. అందుకని చివర్లో క్రోమియం నీళ్లలో ముంచి తీస్తారు. పైకి తీస్తే పసుపు పూసినట్టు మెరుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాయన ఆ నీళ్లలో చేతులు పెడుతున్నాడు. ఆ చేత్తోనే ముక్కు తుడుచుకుంటున్నాడు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. అంగళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. నా ఫీజులన్నీ కట్టింది ఆ తొట్టే.

9 ఆగస్టు

కాలేజీ లైబ్రరీలో దుమ్ము పట్టిన జర్నల్స్ ఉన్నాయి. ఎవరూ తెరవరు. యూరప్‌లో కార్లకు ఈ క్రోమియం వద్దంటున్నారట. బదులుగా ఏవేవో కొత్త పూతలు కనిపెడుతున్నారు. అన్నీ పేటెంట్లు, అన్నీ సగం సగం చెప్పడం. ఒక్క పేరా మాత్రం నాకోసమే రాసినట్టుంది. సోడియం సిలికేట్. సబ్బుల్లో కలిపే చౌక సరుకు, మా ఊళ్లోనే దొరుకుతుంది. దాన్ని జింక్ మీద సన్నగా ఆరబెడితే గాజులాంటి పొర.

బస్సులో నిలబడే వచ్చాను. కూర్చోబుద్ధి కాలేదు.

2 సెప్టెంబర్

చేప పొలుసుల్లాగా లేచిపోయింది.

11 సెప్టెంబర్

మళ్లీ అంతే. నాయన గోటితో గీకి చూసి, పూతరేకులు చేస్తాండావా మునీశ్వరీ అన్నాడు.

28 సెప్టెంబర్

సిలికేట్‌ను బాగా పలచన చేస్తే పొర నిలబడింది. మంగలి షాపులో తలకు నీళ్లు కొట్టే సీసా ఒకటి కొన్నాను. ఉప్పునీళ్లు పోసి రోజూ పొద్దునా సాయంత్రం కొడుతున్నాను, వరసగా వేలాడదీసిన క్లాంపుల మీద. ఒక పక్క ఎల్లోవి, ఒక పక్క నావి. ఎల్లోవాటికి అంచుల్లో తెల్లబూజు మొదలైంది. నావాటికి లేదు.

నాయన చాలాసేపు చూసినాడు. పోయి అమ్మను పిలుచుకొచ్చినాడు. అమ్మకు దాంట్లో ఏం చూడాలో తెలియదు. బాగుండాది అంది, కొత్త చీరను అన్నట్టు.

7 అక్టోబర్

నాయనా నేనూ పుంగనూరు పోయాం. మా క్లాంపులన్నీ కొనేది దేవరాజులు. మోటార్ల షాపు. చేతిలో తిప్పి తిప్పి చూసినాడు. తెల్లగా ఉండాదే దాసప్పా, ముండమోసినట్టు అన్నాడు. రైతులు పసుపు రంగు చూసి కొంటారంట. గంగమ్మకు దించే వస్తువు పచ్చగా ఉండాలంట. నేను ఉప్పునీళ్ల సంగతి చెప్పాను. యూరప్ చెప్పాను. చివరికి నాయన ముక్కు చెప్పాను. దేవరాజులు నాయన మొహంలోకి చూడలేక క్లాంపు వైపు చూసినాడు. సరేమ్మా, ఒక లాటు పంపు, అమ్మి సూస్తా అన్నాడు.

ఈ లాటు నిలబడితే తొట్టి మూసేస్తాం. ఇంకేం అక్కర్లేదు నాకు.

12 అక్టోబర్

నాయన తొట్టి మీద రేకు కప్పినాడు. రేకు మీద రేడియో పెట్టినాడు. ఆ మూల పాట వినబడడం వింతగా ఉంది.

20 నవంబర్, సాయంత్రం 6

కుప్పం నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

కుప్పం అవతల పాపయ్య అనే రైతు కొత్త బోరులో మోటారు దించుతున్నాడు, మన తెల్ల క్లాంపులకు మొదటి బోణీ, వచ్చి కండ్లారా సూడుమ్మా అని దేవరాజులే ఫోన్ చేసినాడు. పోయాను. కాలేజీకి సెలవు పెట్టి మరీ. పాపయ్యకు ఇది మూడో బోరంట. ముందువి రెండూ దుమ్మే. భార్య సుశీలమ్మ తల స్నానం చేసి, పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ పెట్టుకుని నిలబడింది. నేను క్లాంపు చేసినామె అని తెలిసి నాకూ బొట్టు పెట్టింది. ఆడపిల్ల చేసిన వస్తువు, గంగమ్మ ఒప్పుకుంటాది అంది. నాకు లోపల ఎంత పొంగిందో.

పసుపు నీళ్లలో తడిపి క్లాంపుకు పూసింది. పైపుకు పూసింది. కర్పూరం వెలిగించింది. అందరం కళ్లు మూసుకున్నాం.

తెరిచేసరికి క్లాంపు ఎర్రగా ఉంది.

పైపు మీద పసుపు పసుపుగానే ఉంది. క్లాంపు మీద మాత్రం రక్తం. బోల్టు పక్క నుంచి కారుతోంది. సుశీలమ్మ చేతిలో పళ్లెం పడిపోయింది. ఎవరో ముసలాయన, గంగమ్మ నెత్తురు కక్కింది అన్నాడు. నేను, అది కెమిస్ట్రీ, పసుపుకు క్షారం తగిలితే ఎర్రగా అవుతుంది అని మొదలుపెట్టాను. నా మాట నాకే తెలుగులా వినబడలేదు. పాపయ్య, అమ్మా నువ్వు పక్కకుండు అన్నాడు. కోపంగా కూడా కాదు.

అయినా దించినారు. అప్పు తెచ్చిన మోటారు, దించక ఏం చేస్తారు. స్విచ్ వేస్తే నీళ్లు వచ్చాయి. పిల్లలు కేకలు పెట్టినారు. మేం భోంచేసేలోగా పైపు దగ్గినట్టు చప్పుడు చేసి, బురద కక్కి, ఆగిపోయింది.

ఈ సంవత్సరం ఈ జిల్లాలో ఎన్ని బోర్లు అట్లా ఆగిపోలేదు. ఆ మాట ఆడ ఎవరూ అనలేదు. అందరూ క్లాంపు వైపే చూసినారు. సుశీలమ్మ నా నుదుట తను పెట్టిన బొట్టు వైపు చూసింది.

21 నవంబర్

నా మొహం చూసి అమ్మ పొద్దున్నే దిష్టి తీసింది. పళ్లెంలో నీళ్లు, చిటికెడు పసుపు, ఇంత సున్నం. నీళ్లు ఎర్రబడ్డాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను ఆ ఎర్రనీళ్లు. సున్నం క్షారం. సిలికేట్ క్షారం. పొరలో కొంచెం మిగిలిపోయి ఉంటుంది, తడి తగలగానే బయటికొచ్చింది. ఉప్పునీళ్లు కొట్టి చూశాను. ఎండలో పెట్టి చూశాను. ఈ దేశంలో ఇనుముకు మొదట తగిలేది పసుపేనని నాకు తట్టలేదు.

అమ్మ ఆ నీళ్లు వీధిలో పారబోసి, వెనక్కి చూడకుండా లోపలికి రా అంది.

27 నవంబర్

లాటు మొత్తం తిరిగొచ్చింది. దాంతోపాటు మా పాత ఎల్లోవి కూడా కొన్ని.

15 డిసెంబర్

దారి దొరికింది. పటిక. చివర్లో వేడి పటిక నీళ్లలో ఒక్క మునక. మిగిలిన క్షారం చచ్చిపోతుంది, పొర ఇంకా గట్టిపడుతుంది. పసుపు పూసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే పచ్చగా, పెళ్లికూతురు పాదాల్లాగా. కుదిరింది. నిజంగా కుదిరింది. యూరప్ వాళ్లకు కూడా ఈ పరీక్ష తెలిసి ఉండదు.

18 డిసెంబర్

దేవరాజులు తన చేత్తోనే పసుపు పూసినాడు. గల్లా పక్కన పెట్టుకుని, టీ తెప్పించి, వచ్చినవాళ్లతో బేరాలాడుతూ మధ్యమధ్యలో చూసుకుంటూ కూర్చున్నాడు. ఎర్రబడలేదు. నువ్వు గట్టిదానివేమ్మా అన్నాడు. అయితే లాటు పంపమంటావా అన్నాను.

నాకు నమ్మకం వచ్చి ఏం లాభం అన్నాడు. కుప్పంలో మొదలైన మాట బి.కొత్తకోట సంతకు వచ్చేసరికి క్లాంపులో నుంచి చెంబుడు నెత్తురు కారిందని అయిందంట. పెద్దతిప్పసముద్రంలో అయితే పాపయ్య భార్య ఆడనే పడి చచ్చిపోయిందంట. ఆమె శుభ్రంగా ఉండాదే అన్నాను. ఉండాదమ్మా, నువ్వు పోయి ఒక్కొక్కరికీ చూపిస్తావా ఆమెను అన్నాడు. తెల్ల క్లాంపు షాపులో కనబడితే మోటారు కూడా కొనకుండా పోతాండారంట. ఎల్లోవి అయితే పంపమన్నాడు. నాయన్ను బాగా సూసుకో అని కూడా అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఆ క్లాంపు ఉంది. దాని మీద పసుపు ఇంకా పచ్చగానే ఉంది.

6 జనవరి 2003

నాయన రేడియో తీసి పక్కన పెట్టినాడు. రేకు ఎత్తినాడు.

30 జనవరి

నాయన ముక్కు నుంచి రక్తం ఆగలేదు. విక్టోరియా వాళ్ల ఆస్పత్రిలోనే చేర్చాం. ఊపిరితిత్తుల ఫోటో తీసినారు. విక్టోరియా దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, కవర్లో పెట్టేసింది. షెడ్డు మూసెయ్యమని ఆమె. మూసేస్తే ఏం తింటామని నేను. మాకున్నది ఆ షెడ్డే, కొనేవాళ్లు అడిగేది ఎల్లో మాత్రమే. ఇద్దరికీ జవాబు తెలుసు.

8 ఫిబ్రవరి

నాయన షెడ్డు గడప దాటకూడదు. నేను చేస్తాను. ఇదీ ఒప్పందం.

ఆయన ఒప్పుకోలేదు. అన్నం మానేసినాడు. నేనూ మానేశాను. అమ్మ ఇద్దరికీ వడ్డించి, రెండు కంచాల మధ్య కూర్చుని, మీలో ఎవురు ముందు పోతారో తేల్చుకోండి, నేను ఎవురికి వండాలో తెలుసుకుంటా అంది. నాయన ముద్ద కలిపినాడు.

అంగళ్లు కాలేజీకి రాజీనామా పంపాను. నాకు గ్లౌజులున్నాయి, మాస్క్ ఉంది, కెమిస్ట్రీ ఉంది. నాయనకు అవేవీ లేవు. నాకు ఆయనకైనట్టు కాదు.

19 ఏప్రిల్

గ్లౌజులతో పట్టుకుంటే క్లాంపు జారుతుంది. తొట్టిలో పడితే చెయ్యి మోచేతి దాకా పెట్టాలి. విప్పేశాను. ఎండలకు మాస్క్ కూడా ఊపిరాడనివ్వదు.

3 నవంబర్

చూపుడు వేలి మీద చిన్న గుంట. గుండ్రంగా, పెన్నుతో పొడిచినట్టు. నొప్పి లేదు. నాయన వేళ్ల మీద ఇలాంటివే ఉన్నాయి, చిన్నప్పుడు లెక్కపెట్టేదాన్ని.

వీధిలో వెంకటరత్నమ్మ నా చేతులు చూసి, ఎప్పుడూ పసుపు పూసుకున్నట్టు ఎంత కళగా ఉండాయే పిల్లా అంది.

11 జులై 2004, ఆదివారం

అమ్మా నేనూ బస్సులో. యార్డ్ ముందు ఆగింది. మళ్లీ ధర లేదు, రోడ్డంతా టమాటా. అందరూ ముక్కులకు కొంగులు, కర్చీఫులు అడ్డం పెట్టుకున్నారు.

అందరూ పెట్టుకున్నాక నేనూ పెట్టుకున్నా. అమ్మ నన్నే చూస్తాంది.