వేరు మునిగేదాకా

అక్టోబర్ 3

డాక్టరమ్మ చెప్పిందని ఈ నోట్‌బుక్ కొన్నాం. రోజూ ఏం కనిపించిందో రాయమంది. ఒక్క ముక్కైనా చాలంది. ఐదో తరగతితో చదువు ఆపేసినవాడికి ఇది శిక్షే. సరే, రాస్తాను.

ఎడమ కన్ను: ఏమీ లేదు. కుడి కన్ను: బొప్పాయి కాడలోంచి చూస్తున్నట్టు చిన్న గుండ్రం. ఇప్పుడు ఆ గుండ్రంలో నా వేళ్లు, పెన్ను ఉన్నాయి. చుట్టూ అంతా పొగ.

గ్లాకోమా అట. పోయిన చూపు రాదు వల్దెమీరో గారూ, ఉన్నది క్రిస్మస్ దాకా నిలిస్తే అదృష్టం అంది. నా మొహంలోకి చూస్తూనే చెప్పింది. అందుకు ఆమె మీద గౌరవం కలిగింది. తర్వాత బస్‌స్టాప్‌లో కూర్చుని ఏడ్చాను.

అక్టోబర్ 4

నిన్న రాయనిది ఒకటుంది. బస్సులో మా అమ్మాయి రోసిల్దా అడిగింది. నాన్నా, చూపున్నప్పుడే ఏదైనా చూడాలనుంటే చెప్పు, ఎట్లాగైనా చూపిస్తా, సముద్రం చూస్తావా అంది. సముద్రం వద్దు, పియాబా చేపల్ని పక్కనుంచి చూడాలన్నాను. పడీ పడీ నవ్వింది. ముప్పై ఎనిమిదేళ్లు వాటినేగా పట్టావు, ఇంకా మొహం మొత్తలేదా అంది.

అదే కదా సంగతి. ముప్పై ఎనిమిదేళ్లూ పైనుంచే చూశాను. నదిలో మునిగిన అడవిలో, పడవ అంచు మీంచి వంగి, చేతివలలో, ప్లాస్టిక్ తొట్టెలో. చిటికెన వేలంత చేప. నాకు తెలిసింది దాని వీపు, తిరిగినప్పుడు నీలమో ఎరుపో ఒక మెరుపు. పక్కనుంచి చూసింది వాటిని విమానంలో తెప్పించుకున్నవాళ్లు. ఎక్కడో చలిదేశాల్లో, అద్దాల తొట్టె ముందు కుర్చీ వేసుకుని. నేను పంపినవాటిని వాళ్లు చూశారు. నేను చూడలేదు.

గుడ్డివాణ్ణి అయ్యేలోపు చూడాలి. ఒక్కసారి చాలు.

అక్టోబర్ 6

రోసిల్దా ఎవరి దగ్గరో వాడిన ట్యాంక్ తెచ్చింది. బారెడు పొడుగు. ఒక మూల చిన్న పగులు, దానికి జిగురు పూశారు. నది ఎగువన మా ఊరు బార్సెలోస్‌లో ఉన్న నా బామ్మర్ది తిబుర్సియోకి ఫోన్ చేశాను. ముందు వేరు పంపరా, చేపలు తర్వాత అన్నాను. చేపలకి నీడ లేకపోతే మూలకి నక్కుతాయి, అది చూడ్డం కాదు. ఏ చెట్టుది కావాలి బావా అన్నాడు. అరపరిది, నీళ్లలో చచ్చింది, పచ్చిది కాదు, ఉప్పునీళ్లు తగలనిది. అబ్బో, పెళ్లికూతురికి కూడా ఇన్ని ఎంచవేమో అన్నాడు. మీ అక్కని ఎంచుకునేటప్పుడు కళ్లు మూసుకున్నానురా అన్నాను. ఇద్దరం నవ్వాం.

అక్టోబర్ 14

వేరు వచ్చింది. తిబుర్సియో స్వయంగా పడవలో తెచ్చాడు. రెండు చేతులున్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మధ్యలో బొరియ. నా గుండ్రంలో ఒక్కసారిగా పట్టదు కాబట్టి చేత్తో తడిమి చూశాను. మేకుతో పొడిచాను, దిగలేదు. తట్టాను, గట్టి చప్పుడు. మంచి వేరు.

తొట్టెలో వేస్తే తేలింది.

అర్థం కాలేదు. నది అడుగున ముప్పై ఏళ్లు పడున్న వేరు తేలడమేమిటి? అప్పుడు మా బామ్మర్ది గర్వంగా చెప్పాడు. నీకోసమే బావా, ఎనిమిది రోజులు పడవ పైకప్పు మీద ఎండబెట్టా, ఎముకలా లేదూ అన్నాడు. ఒరే దద్దమ్మా, నానిందాన్ని ఎండబెట్టి తెచ్చావా అన్నాను. నేను బురదతో తెస్తే అమ్మాయి ఊరుకుంటుందా అన్నాడు పాపం.

ఇప్పుడు మళ్లీ నానాలి. ఎన్నాళ్లో ఆ వేరుకే తెలియాలి. నా దగ్గర లేనివి రోజులే.

అక్టోబర్ 15

పొద్దుటి నుంచి తోమాను. గట్టి బ్రష్, మామూలు నీళ్లు. సబ్బు తగలకూడదు, తగిలితే లోపలికి పీల్చుకుని తర్వాత చేపల్ని చంపుతుంది. బెరడు గోళ్లతో ఒలిచాను. బెరడుంటే నీళ్లలో కుళ్లుతుంది. ఒలిచింది గోనెసంచిలో వేసి పెట్టాను. పారేయబుద్ధి కాలేదు, వాసన మా ఊరిది.

బొరియలోంచి చీమలు వచ్చాయి. రోసిల్దా కుర్చీ ఎక్కింది.

అక్టోబర్ 16

ఉడకబెడితే త్వరగా మునుగుతుందని వీడియోలో చెప్పారట. ఇంట్లో అంత పెద్ద గిన్నె ఒక్కటే ఉంది, రోసిల్దా సాయంత్రాలు వీధి చివర అమ్మే తకకా అనే వేడి పులుసు కాచేది. ఆమె బజారుకి వెళ్లగానే పొయ్యి మీద పెట్టాను. పొడుగు చెయ్యి పట్టలేదు. రంపం తెచ్చి కూడా కోయలేకపోయాను. ఒక కొస రెండు గంటలు, తిప్పి ఇంకో కొస రెండు గంటలు ఉడికించాను.

నీళ్లు చిక్కటి టీ రంగుకి తిరిగాయి. మళ్లీ కొత్త నీళ్లు పోస్తే మళ్లీ టీ.

రోసిల్దా వచ్చి చూసింది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే గిన్నె నాన్నా ఇది, దీంట్లో మొద్దు ఉడకేస్తావా, రేపు పులుసులో బురద వాసనొస్తే ఎవరికి చెప్పుకోను అని అరిచింది. తప్పు నాదే. ఇసుక పెట్టి నేనే తోమాను. అడుగున మరక ఉందో పోయిందో నాకు కనిపించలేదు. ఉందన్న మాట ఆమె అనలేదు.

అక్టోబర్ 19

తేలుతోంది.

అక్టోబర్ 24

తేలుతోంది. పెరట్లో డ్రమ్ములో వేసి పైన రెండు ఇటుకలు పెట్టాను. రోజూ నీళ్లు మార్చాలి. మార్చకపోతే డెంగ్యూ దోమలు గుడ్లు పెడతాయని రోసిల్దా కాపలా కాస్తోంది.

చేపల షాపతను ఫోన్లో ఏమన్నాడంటే, రంగు పూర్తిగా పోవాలి సార్, నీళ్లు అద్దంలా ఉండాలి, లేకపోతే మీ చూపుకి ఏం ఆనుతుంది అన్నాడు. నిజమే. రోజూ పొద్దున ఆ టీ నీళ్లు జామచెట్టు మొదట్లో పారబోస్తున్నాను.

అక్టోబర్ 31

గుండ్రం చిన్నదైంది. నిన్న గడప తట్టుకుని పడ్డాను. మోకాలు చీరుకుంది. రోసిల్దాకి చెప్పలేదు, ఆమె చూసింది.

నవంబర్ 2

సమాధుల పండుగ. నా ఆవిడ దొర్వలీనా బార్సెలోస్ మట్టిలో ఉంది, నేనిక్కడ మనౌస్‌లో అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కిటికీలో కొవ్వొత్తి వెలిగించాం.

ముప్పై ఏళ్లు నా ఆవిడ ఆ తొట్టెల పక్కనే గడిపింది. నేను పట్టేవాణ్ణి, ఆమె నీళ్లు మార్చేది, చచ్చినవి ఏరేది. ఒకసారి అడిగింది, ఇవి అక్కడ వాళ్ల ఇళ్లలో ఎట్లా కనిపిస్తాయంటావు అని. ఆ రోజు వల చిరిగి చిరాకులో ఉన్నాను. చేపల్లా కనిపిస్తాయి, ఇంకెట్లా అన్నాను. ఆమె కోపగించుకోలేదు. ఎప్పుడైనా చూస్తే నాకు చెప్పు అంది.

ఆరేళ్లయింది పోయి. నా మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నవంబర్ 8

ఇటుకలు తీసి చూశాను. పొట్టి చెయ్యి అడుగుకి దిగింది. పొడుగుది ఇంకా పైకి లేచే ఉంది, క్లాసులో జవాబు తెలిసినవాడిలా. దాని మీద తెల్లటి జిగురు పట్టింది. అది పర్వాలేదు, కడిగితే పోతుంది.

కళ్లల్లో మందు రెండు పూటలా వేసుకుంటున్నాను. మానలేదు.

నవంబర్ 13, పొద్దున

మునిగింది! చెయ్యి పెట్టి వెతికితే అడుగున దొరికింది. పైకి లేపి వదిలాను. మళ్లీ దిగింది. పదిసార్లు లేపాను. డ్రమ్ములో నీళ్లు తెల్లగా ఉన్నాయని రోసిల్దా చెప్పింది. షాపతను చెప్పినట్టే, అద్దంలా.

నవంబర్ 15

తిబుర్సియో పన్నెండు చేపలు తెచ్చాడు. కుళాయి నీళ్లు రెండు రోజులు బకెట్లలో నిలవుంచి ట్యాంకులో పోశాం. వేరు మధ్యలో పెట్టాం. చేపలున్న సంచి నీళ్ల మీద తేల్చి, కాసేపాగి, మెల్లగా వదిలాం. నేను ముక్కు అద్దానికి ఆనించి కూర్చున్నాను.

గుండ్రంలోకి ఒకటి వచ్చింది. పక్కనుంచి.

బూడిద రంగులో ఉంది. నీలం లేదు, ఎరుపు లేదు. రెక్కలు ముడుచుకుని మూలకి అతుక్కుని ఉంది. మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. మిగతావీ అక్కడే దాని వెనక నక్కాయి. ట్యాంకులో వెలుగు నా కంటిని పొడిచింది. నేను లేచి వచ్చేశాను.

ఇదేనా వాళ్లు చూసింది? ఇది చూడ్డానికా నేను వాటిని ఇన్నేళ్లు ఇళ్లనుంచి లాక్కొచ్చింది?

నవంబర్ 16

రెండు చచ్చిపోయాయి. దొర్వలీనా ఏరినట్టు నేనే ఏరాను.

నవంబర్ 17

తిబుర్సియో పడవ ఎల్లుండి. పొద్దున వచ్చి ట్యాంక్ ముందు నిలబడ్డాడు. చెంబుతో కాసిన్ని నీళ్లు తీసి వెలుగుకి ఎత్తి చూశాడు. చివరికి, బావా, నువ్వు పుట్టి పెరిగింది నల్ల నదిలోనేనా అన్నాడు. ఈ నీళ్లేంటి, వాననీళ్లలా బోసిగా, వీటికి ఇల్లేది? వేరు తెచ్చావు, దాంట్లోంచి నదిని మొత్తం పిండి జామచెట్టుకి పోశావు కదయ్యా అన్నాడు.

చెట్ల వేళ్లూ ఆకులూ నాని మా నది టీ రంగులో నల్లగా ఉంటుంది, ఈ చేపలు బతికేది అందులోనే. ఎవడో షాపువాడు చెప్పాడని, ముప్పై ఎనిమిదేళ్లు ఆ నల్లనీళ్లే తాగి, వాటితోనే వండుకుని, వాటిలోనే స్నానం చేసిన నేను, నెల రోజులు వాటినే పారబోశాను.

బెరడు సంచి ఉందిగా అంది రోసిల్దా. తర్వాత తనే ఆగింది. నీళ్లు నల్లబడితే నీకు కనిపించదు నాన్నా, ఇంతా చేసింది దానికేగా అంది.

ఆలోచించాల్సింది లేదు. నాకు కనిపించకపోతే పోనీ, వాటికి ఊపిరాడనీ అన్నాను. అబద్ధం ఎందుకు, ఏడుపొచ్చింది.

రోసిల్దా లోపలికెళ్లి తన పులుసు గిన్నె తెచ్చింది. బెరడు అందులో వేసి తనే పొయ్యి వెలిగించింది.

నవంబర్ 20

మూడు రోజులుగా చల్లారిన కషాయం చెంబుడు చెంబుడు పోస్తున్నాం. ట్యాంక్ నల్లబడింది. ఒక్కటీ చావలేదు. తింటున్నాయి, వేరు కిందకి వచ్చాయి అని రోసిల్దా చెబుతోంది. అద్దం ముందు కూర్చుంటే నాకు చీకటి గది తలుపు ముందు కూర్చున్నట్టుంది. వేరూ కనిపించడం లేదు.

బాగానే ఉంది అన్నాను. ఆమె నమ్మలేదు.

నవంబర్ 22, ఉదయం ఆరున్నర

తొందరగా రాస్తున్నాను, అక్షరాలు ఎట్లా వస్తే అట్లా రానీ.

కాఫీ పట్టుకుని ట్యాంక్ ముందు కూర్చున్నాను. అలవాటుకొద్దీ, అంతే. నా వెనక కిటికీలోంచి ఎండ వచ్చి అద్దం మీద పడింది. చీకట్లో ఒక నీలం చార నడిచింది. చేప లేదు, నీళ్లు లేవు, చార ఒక్కటే. దాని కింద ఎర్రటిది, మిరపపండు ఎరుపు. నా గుండ్రంలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెళ్లింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. వేరు పొడుగు చేతి కిందనుంచి వరసగా వచ్చాయి. రాత్రి రంగు వదిలేసి పొద్దున్నే తొడుక్కుంటాయని తెలుసు, తొడుక్కున్నాక ఇట్లా ఉంటాయని తెలియదు.

తెల్లనీళ్లలో నా కంటిని వెలుగే కప్పేసింది. నల్లనీళ్లలో అడ్డు వచ్చేది ఏదీ లేదు.

లెక్కపెట్టాను. పది. రోసిల్దాని పిలిచాను. ఆమె పరుగెత్తుకొచ్చి ఏమైంది ఏమైంది అంటోంది. నేను వేలు పెట్టి చూపిస్తున్నాను, అదుగో, అదుగో, అని. చూపున్నదానికి నేను చూపిస్తున్నాను! కాఫీ ఒలికిపోయింది. ఎవరూ తుడవలేదు.

నవంబర్ 23

పది.

నవంబర్ 27

ఎనిమిది దాకా చూశాను. రెండు గుండ్రం అవతల ఉండి ఉంటాయి.

డిసెంబర్ 4

డాక్టరమ్మ ఈ నోట్‌బుక్ తిరగేసింది. నేను కళ్ల గురించి రాయమంటే మీరు మొద్దు గురించి రాశారేంటి అంది. అయినా చివరిదాకా చదివింది. తర్వాత లైట్ వేసి పరీక్ష చేసింది. ఇక మందు వేసి లాభం లేదు, ఆపేయొచ్చు అంది.

డిసెంబర్ 15

రోసిల్దా నా చెయ్యి కాగితం మీద పెట్టి వెళ్లింది. వంకర పోతోందేమో.

పొద్దున ట్యాంకులో వేలు ముంచాను. చేపలు వచ్చి పొడిచాయి.

దొర్వలీనా, పక్కనుంచి నీలంగా ఉంటాయి. కింద ఎరుపు. నువ్వు పండక్కి కట్టుకున్న గౌను అంచులా. చూశాను.