అన్న చేతుల్లో ఇన్ని మాటలు

గోదావరిఖని, మే 2007, ఆదివారం రాత్రి

అన్నకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఇంటికి ఫోను వచ్చినా తనకు పనికి రాలేదు. ఈరోజు అమ్మా నేనూ అన్నను నెట్ సెంటరుకు తీసుకెళ్లాం. చెవిటి పిల్లల బడిలో అన్నతో చదివిన యాదగిరి, కొత్తగూడెం నుంచి కంప్యూటర్ తెర మీద కనిపించాడు. కెమెరా ముందు ఇద్దరి చేతులూ ఇక ఆగలేదు. అన్న పగలబడి నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ చేతులు ఆడించాడు. ఇంట్లో అన్నానికీ, నీళ్లకీ, డ్యూటీకీ తప్ప సైగ చేయని మనిషి! ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో...

"కూసోనియ్యి చెల్లె, జల్దేం లేదు," అన్నాడు సెంటర్ నడిపే సలీం భాయ్.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏం చెప్తుండు బిడ్డా?"

"తెల్వదమ్మా. మనకు గన్ని సైగలు రావు."

ఇద్దరం అన్న చేతులనే చూస్తూ నిలబడ్డాం.