లూర్దత్త పైట

నరసరావుపేట,
ఆదివారం, పూజ నుంచి వచ్చాక.

చిరంజీవి శాంతికి,

అమ్మ దీవించి రాసే ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, నాన్నా, మన కుట్టుమిషనూ క్షేమం. నువ్వూ, అక్కడి సిస్టర్లూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ కాన్వెంటులో ఫోను ముట్టనివ్వరు కాబట్టి ఈ వయసులో నాకు పెన్ను పట్టే పని పడింది. అక్షరాలు వంకర పోతే నవ్వకు. కుట్టు మాత్రం ఇంకా వంకర పోలేదు.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. పర్వాలేదు. చిలకలూరిపేట మిల్లులో నిలబడి చేసే పని మాన్పించి గేటు దగ్గర కుర్చీ వేశారు. పొద్దున బస్సెక్కేటప్పుడు మూలుగుతాడు, సాయంత్రం దిగేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ మూలుగుతాడు. మధ్యలో ఎవరూ వినేవాళ్ళు లేరు కాబట్టి బాగానే ఉంటాడట.

నీ జాకెట్టు కొలతలు అందాయి. మాటపట్టు రోజున, అదే నువ్వు సిస్టరుగా దేవుడికి మాటిచ్చే రోజున, తెల్లచీర మీదికి మోచేతుల దాకా చేతులు, మూసిన మెడ, కింద రెండు అంగుళాలు ఎక్కువ అని రాశావు. ఇక్కడ వీపంతా తెరిచి తాళ్ళు వేలాడేసే జాకెట్లు కుట్టీ కుట్టీ, మెడ మూసిన జాకెట్టు కత్తిరించాలంటే చెయ్యి కాసేపు ఆగింది. మంచి మల్లుగుడ్డ తెచ్చాను. ఉతికి, ఎండేసి, అప్పుడే కత్తెర పెట్టాను.

ఇక మీ లూర్దత్త కూతురు రోజ్‌లిన్ పెళ్ళి. పొద్దున గుడిలో తెల్లపట్టు చీర, తలమీద ముసుగు. మగపెళ్ళివారు గౌను వేయమన్నారు. పిల్ల ఒప్పుకోలేదు. సాయంత్రం ఫంక్షన్ హాల్లో మాత్రం లెహంగా, నెట్టు దుపట్టా. రెంటిలోనూ చూడముచ్చటగా ఉంది. నిజం చెప్పుకోవాలి, ఆ పిల్ల గుణం తల్లిది కాదు.

తల్లి సంగతి చెబుతాను. పెళ్ళికి వన్ మినిట్ చీర కావాలంది మీ అత్త. నువ్వు చూసి ఉండవు. కుచ్చిళ్ళు ముందే కుట్టేసి నడుముకి హుక్కు పెడతారు, పైట మడతలు తీసుకెళ్ళి జాకెట్టు భుజానికే కుట్టేస్తారు. లంగా తొడుక్కున్నట్టు తొడుక్కోవడమే. పైట నిండా మగ్గం వర్కు, ఎత్తితే చెయ్యి లాగేంత బరువు. చీర నా చేతికిస్తూ ఆమె అన్నమాట విను.

"చీర కట్టుకునే టైం ఎవరికుందే ఇన్నమ్మా? లోకం చానా మారింది. నువ్వింకా పిన్నీసుల కాలంలోనే ఉన్నావ్. ఏందే అది, మెళ్ళో పుస్తెల కంటే పిన్నీసులే ఎక్కువున్నయ్!"

నేను కుట్టే బొటీక్‌లో పిల్లలంతా కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నా గొలుసుకి పిన్నీసుల గుత్తి నీకు తెలిసిందేగా. మన చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా, ఎవరి కుచ్చిళ్ళు జారినా, ఎవరి జాకెట్టు హుక్కు ఊడినా "ఇన్నమ్మేదీ?" అని వెతికేవాళ్ళు. మీ అత్త కూడా వెతికింది, ఎన్నోసార్లు.

పోయిన ఉత్తరంలో చివర అడిగావు: "అత్తని క్షమించావా అమ్మా? నేను ఎప్పుడో మర్చిపోయాను" అని. నువ్వు మర్చిపోయావేమో. నాకు మర్చిపోయే అలవాటు లేదు.

రోజ్‌లిన్ ఓణీల ఫంక్షనుకి నువ్వు పదో తరగతి. నీకు ఒక మంచి ఓణీ ఉండాలని చిలకలూరిపేటలో ఆకుపచ్చ గుడ్డ కొని, అంచు నేనే వేశాను. నిండు హాల్లో మీ అత్త నీ ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇది నా తానులో గుడ్డే! కుట్టమని ఇస్తే కాజేసి కూతురికి కప్పిందిరా దొంగది. తియ్యవే!" అంటూ భుజం మీది ఓణీ పట్టి లాగింది. నువ్వు రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని నిలబడ్డావు. మీ నాన్న అక్కకి ఎదురు చెప్పలేక నేల చూశాడు. నా పైట సగం నీకు కప్పి, ఇద్దరం ఒకే చీర చాటున బజారంతా నడిచి ఇంటికొచ్చాం. కుట్టేదాన్ని ఏమన్నా అను, పడతాను. గుడ్డ కాజేసిందంటే ఇక ఆ మనిషి బతుకేం కావాలి?

తర్వాత ఆ తాను గుడ్డ ఆమె బీరువాలోనే దొరికింది. వచ్చి ఒక్కమాట చెప్పిందా? రోజ్‌లిన్‌కి జాకెట్టు కుట్టమని అదే గుడ్డ నా దగ్గరికే పంపింది! కుట్టాను. ఇంట్లో పొయ్యి వెలగాలిగా.

ఇన్నాళ్ళూ నీ ఓణీ లాగిన ఆ చెయ్యి నా కళ్ళముందే ఉంది తల్లీ. అందుకే ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. ఆమె పైటని భుజానికి మిషను మీద కుట్టలేదు. పైకి కనపడకుండా కచ్చాకుట్టు వేశాను, అదీ ఒక్క పోగుతో. నడుస్తుంటే ఆగుతుంది, చెయ్యెత్తితే ఆగదు. జాకెట్టు మాత్రం మెడ దాకా గట్టిగా కుట్టాను. ఆమె నీకు చేసినంత నేను చెయ్యలేదు, అది కూడా రాసుకో.

స్టేజీ మీద ఫొటోలతను "అమ్మగారూ, రెండు చేతులూ ఎత్తి పిల్లల్ని దీవించండి" అన్నాడు. ఎత్తింది. పోగు తెగింది. వర్కు బరువుకి పైట మొత్తం జర్రున కాళ్ళ మీద పడింది. హాల్లో వీడియో చూపించే పెద్ద తెరమీద కూడా పడింది. చీర సర్దడానికి వచ్చిన బొటీక్ పిల్లలు పరిగెత్తారు గానీ, వాళ్ళకి జిప్పులూ హుక్కులూ తప్ప ఏం తెలుసు? ఆమె రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుంది. అచ్చం నీలాగే.

"ఇన్నమ్మా! పిన్నీసు తేవే, తొందరగా!" అని అరిచింది.

నేను మెల్లగా మెట్లెక్కాను. నా గొలుసు పట్టి చూపించాను. ఒక్క పిన్నీసు లేదు. పొద్దున్నే గుత్తి మొత్తం తీసి మిషను సొరుగులో పెట్టి వెళ్ళాను.

"లేవు వదినా. ఆ కాలం పోయిందన్నావుగా."

ఆమె ముఖంలో రంగు మారింది. తెలిసిపోయింది. కానీ నిండు హాల్లో ఏమని చెబుతుంది? రోజ్‌లిన్ తన దుపట్టా తీసి తల్లికి కప్పింది. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. అది మాత్రం నాకు గుచ్చుకుంది. మిగతాదానికి నా కడుపు చల్లబడింది. బిర్యానీ రెండోసారి వేయించుకుని తిన్నాను.

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు: "పిన్నీసులేయే?"

"ఇంట్లో ఉన్నయ్."

"మా అక్కే అది."

"శాంతి నీ కూతురు. ఆరోజు మాట్లాడనోడివి ఈరోజు కూడా మాట్లాడమాక."

 పొద్దున నేను లేచేసరికి పొయ్యి వెలిగించి కాఫీ పెట్టి ఉంచాడు. పెళ్ళైనకాడి నుంచి అదే మొదటిసారి.

కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు పెద్దలు. బైబిల్లో అలా లేదని నువ్వంటావు. అందుకే నిన్న ఫాదరు దగ్గరికి పాపసంకీర్తనకి వెళ్ళాను. అంతా విని "పశ్చాత్తాపపడుతున్నావా అమ్మా?" అన్నారు. "లేదు ఫాదర్" అన్నాను. లేచి వచ్చేశాను. దేవుడి ముందు అబద్ధమాడలేదు, నీ ముందు ఎందుకు ఆడతాను? క్షమించలేదు శాంతీ. ముందుముందు ఏమో తెలియదు.

జాకెట్టు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఆ పైట కుట్టిన చేతితోనే, ఆ సూదితోనే కుట్టాను. ఇది వేసుకుని దేవుడికి మాటివ్వడానికి నీ మనసొప్పకపోతే తిప్పి పంపు. ఏడుస్తాను గానీ నిన్నేమీ అనను. పంపేముందు మాత్రం ఒక్కసారి భుజం కుట్టు పట్టి లాగి చూడు. దగ్గర దగ్గరగా రెండు వరసలు వేశాను. ఈసారి ఎవరు లాగినా రాదు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చున్న
మీ అమ్మ
ఇన్నమ్మ